కజ్జికాయలో మాట

పొద్దున్నే తిరుమలమ్మ కాఫీతోపాటు రెండు కజ్జికాయలు భర్త ముందు పెట్టింది. చెంగల్రాయుడు ఒకటి కొరికి లోపలికి తొంగి చూశాడు. రెండోది విరిచి చూశాడు.

"ఏం వెతుకుతాండావు? కొబ్బరే ఉండాది."

"అబ్బోడు నాకేందో రాసి పెట్టినానన్నాడే!"

కొడుకు దామోదరం పెరట్లో మొహం కడుక్కుని వచ్చాడు. రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసి, యుద్ధం వచ్చినప్పుడు నడిచి ఇల్లు చేరినవాడు. అక్కడ ఒక చీనావాళ్ళ అంగట్లో పిండివంట విరిస్తే లోపల చీటీ ఉండేదని, దాంట్లో నవ్వొచ్చే మాటో, ధైర్యం మాటో, జోస్యమో రాసి ఉండేదని చెబుతుండేవాడు. మొన్న చెల్లెలు మునిరత్నమ్మ బిడ్డనెత్తుకుని అత్తగారింటికి బయల్దేరేముందు ఇంట్లో సారెకు కజ్జికాయలు చేశారు. అన్నాచెల్లెళ్ళకు సరదా పుట్టింది. నూనెలో కాగితం నిలవదని దామోదరం తాటాకు ముక్కల మీద సూదితో గీసి, మసి రుద్ది, కొన్నింటిలో పెట్టాడు. అవి ఇంట్లో తినడానికని చిన్న బుట్టలో వేరుగా ఉంచాడు.

"అమ్మా, చిన్న బుట్టలోవి యాడ?"

"వాటికే అంచు బాగా కుదిరిందని సారెలో పెట్టేసినా."

దామోదరం గడప మీద కూర్చున్నాడు.

"ఏం రాసినావురా వాటిల్లో?"

"'ఇంకోటి తిను, ఎవురూ లెక్కపెట్టరు' అని ఒకదాంట్లో."

"ఇంకా?"

"'కాసేపు నోరు మూసుకుంటే నీ అందం తెలుస్తాది' అని. అది నాయనకి."

చెంగల్రాయుడు పొలమారేలా నవ్వాడు. తిరుమలమ్మ నవ్వలేదు. సారె వీధిలో ప్రతి ఇంటికీ పంచుతారు. అంతకన్నా ముందు అత్తగారి చేతిలో పెడతారు. ఆ అత్తగారు, పలమనేరు గంగులమ్మ నోట్లో ఆ మాట పడితే? పెళ్ళిలో పులుసుకు ఉప్పు చాల్లేదని ఆమె ఇప్పటికీ అంటుంది. పెళ్ళయి మూడేళ్ళయినా "నా కోడలు" అనదు. "మీ పిల్లకు పాలు కాయడం రాదు", "మీ పిల్ల పొద్దెక్కి లేస్తాది" అంటుంది. కూతుర్ని అక్కడికి పంపిన ప్రతిసారీ తిరుమలమ్మకు నిద్ర ఉండదు. మొన్నా లేదు, నిన్నా లేదు.

పలమనేరు నుంచి బొగ్గుతో నడిచే బస్సు వచ్చింది. కాసేపటికి గంగులమ్మ సారె డబ్బాతో గుమ్మంలో నిలబడింది.

"ఏం పని చేసినారు వదినా మీరు?"

"తప్పయిపోయింది వదినా. వీడికి తమాషా ఎక్కువ. నీ నోట్లో పడిన మాట నిన్ను అన్నది కాదు..."

"నా నోట్లో యాడ పడింది?" గంగులమ్మ డబ్బా మూత తీసింది. లోపల అన్నీ విరిగిన ముక్కలే. "నిన్న సారె పంచితే, మాపటేలకు ఆడోళ్ళంతా మా తిన్నె మీద చేరినారు. చదువొచ్చింది మీ పిల్లకే కదా, అందరివీ చదివింది. కుప్పుస్వామి పెండ్లానికి నోరు మూసుకోమని వచ్చె. ఆయమ్మ కండ్లల్లో నీళ్ళు కారేదాకా నవ్వె. ఎల్లప్పకు ఇంకోటి తినమని వచ్చె, మళ్ళా వచ్చి అడిగి తీసకపాయ. మిగిలినవన్నీ నేను విరిచినా. ఒక్కదాంట్లో లేదు. వీధంతటికీ రాసినారు, నాకు రాయలేదు."

చివరి మాట అంటూ ఆమె డబ్బాలో ముక్కల్ని వేలితో కెలికింది. తిరుమలమ్మ తలెత్తి చూసింది. ఇన్నాళ్ళూ ఆ మొహంలో కోపం ఉందా లేదా అన్నదే చూసింది.

"కాపరానికొచ్చిన నాటినుంచీ ఆ వీధిలోనే ఉండా వదినా. నిన్నటిదాకా ఒకరొచ్చి నా తిన్నె మీద కూచోలేదు."

దామోదరం సూది తీశాడు. "ఇప్పుడే రాస్తా అత్తా. ఏం రాయమంటావు?"

"నేనే చెప్పుకుంటే అది జోస్యమేందిరా?"

తిరుమలమ్మ కొడుకును వంటింట్లోకి పిలిచింది. పొయ్యి వెలిగించి, పిడికెడు పిండి కలుపుతూ చెప్పింది. "రాయి. 'నా బిడ్డను నీ దగ్గర వదిలి నేను నిమ్మళంగా నిద్రపోతాండా' అని."

"రాత్రంతా దొర్లినావు కదమ్మా!"

"రాయమన్నా."

నూనెలో ఒకే ఒక కజ్జికాయ వేగింది. ఈలోగా చెంగల్రాయుడు డబ్బాలోని ముక్కలు సగం ఖాళీ చేశాడు. తిరుమలమ్మ కజ్జికాయను ఆకులో పెట్టి ఇచ్చింది. గంగులమ్మ దాన్ని వేలితో తాకి చూసి, కొంగుతో డబ్బా తుడిచి, అందులో పెట్టి మూత వేసింది.

"కొరకవా వదినా?"

"ఈడ కొరికి ఏం చేసేది? నాకు చదువొస్తాదా? నా కోడలు చదవాల."

తిరుమలమ్మ తలుపు చెక్క పట్టుకుంది. తన నోట ఏ మాట వచ్చిందో గంగులమ్మకు తెలియలేదు. "బస్సు పోతాది" అంటూ డబ్బా చంకన పెట్టుకుని వీధి దాటింది.

చెంగల్రాయుడు ముక్కల మీదికి ఇంకో గుక్క కాఫీ కావాలని కేకేశాడు. మళ్ళీ కేకేశాడు. దామోదరం వంటింట్లోకి తొంగి చూశాడు. పొయ్యి ఆరలేదు. పక్కనే పీట మీద తల పెట్టుకుని తిరుమలమ్మ పడుకుని ఉంది. చేతుల పిండి కూడా కడుక్కోలేదు.

"మెల్లిగా నాయనా," అన్నాడు దామోదరం. "అమ్మ నిద్రపోతాండాది."