సమ్మెకాలపు సెమినార్

"ఆ స్టెప్ ఎట్ల వచ్చింది?"

వెనక బెంచీ నుంచి ఆ గొంతు వినగానే చందూలాల్ చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది. శనివారం మధ్యాహ్నం మ్యాథ్స్ క్లబ్బులో ఎమ్మెస్సీ విద్యార్థులే పాఠం చెప్పాలి. ఆరోజు అతని వంతు.

"గది... అట్లనే వస్తది."

"అట్లనే వస్తే ప్రూఫ్ ఎందుకు? మనం ఇంటికి పోదాం!"

క్లాసంతా గొల్లుమంది. అడిగింది క్లబ్ సెక్రటరీ మనోరమ. జనగామ నుంచి రోజూ రైల్లో యూనివర్సిటీకి వస్తుంది. తొర్రూరు దగ్గరి తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న చందూలాల్, తన మాటతీరుకే నవ్వారనుకున్నాడు. సాయంత్రం లైబ్రరీలో సరిచూసుకుంటే ఆ స్టెప్ నిజంగానే తప్పు. దాంతో కోపం ఇంకా పెరిగింది.

సోమవారం వెంకట్రాం సార్ ఇద్దరినీ పిలిచాడు. సెలవుల్లో జరిగే గణిత శిక్షణ శిబిరానికి డిపార్ట్‌మెంట్ నుంచి ఒక్కరినే పంపాలి. నెలరోజులు పేరున్న ప్రొఫెసర్ల దగ్గర చదువుకోవచ్చు.

"ఇద్దరు కలిసి ఒక సెమినార్ ఇయ్యిన్రి. విన్నంక ఒకరి పేరు పంపుత."

"కలిసి చదివి, కొట్లాడాల్నా సార్?" అంది మనోరమ.

"కొట్లాట ఎట్లాగూ ఉంది కదమ్మా. జర చదువు కూడా కలపమంటున్న."

ఊళ్లో ఉన్న దారులన్నీ, ఏదీ రెండోసారి తొక్కకుండా, ఒక్క నడకలో తిరిగిరాగలమా అన్న లెక్క ఎంచుకున్నారు. లైబ్రరీ వరండాలో కూర్చునేవాళ్లు. వాన జల్లు కాగితాల మీద పడితే ఇద్దరి చేతులూ ఒక్కసారే అడ్డం వచ్చేవి, ఒక్కసారే వెనక్కి పోయేవి.

"నీకు కోపమొస్తే ఏం చేస్తవ్?" అడిగిందొకరోజు.

"లెక్కలు చేస్త. నువ్వు?"

"ప్రశ్నలడుగుత."

"అంటే నా మీద రోజూ కోపమేనా?"

మనోరమ వాన వైపు తిరిగింది. "అన్ని ప్రశ్నలు కోపంతోనే అడుగుతరా ఏంది?"

చందూలాల్‌కు ఆ రోజంతా లెక్కలు కుదరలేదు.

అంతలో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, క్లాసులు బంద్. చందూలాల్ తండాకు వెళ్లి, తొర్రూరు సమ్మె శిబిరంలో కూర్చుంటున్నాడు. అక్కడికే ఫోన్ వచ్చింది.

"ఆదివారం జనగామ సమ్మె శిబిరంలనే మన సెమినార్," అంది మనోరమ. "సార్ ఇల్లు ఈడనే గద, వచ్చి వింటనన్నడు. నువ్వు రా."

"బస్సుల్లేవు. నువ్వొక్కదానివే చెప్పు."

"బస్సుల్లేక రావా, సీటు నాకు ఇడిచిపెట్టనీకి రావా?"

అతను దొరికిపోయాడు. "నీకు ఆ ట్రైనింగంటే శానా ఇష్టం గద."

"ఇష్టమే. గెలుచుకుంట. నువ్వు దయతోని ఇస్తే తీసుకోను. నువ్వు శిబిరంల కూసున్నది రాష్ట్రం దయతోని ఇయ్యమనా?"

ఫోన్ పెట్టేసింది. చందూలాల్ సిగ్గుపడ్డాడు, ఆ తర్వాత నవ్వుకున్నాడు. ఆదివారం పొద్దున్నే కాకను అడిగి బండి తీసుకుని జనగామ చేరాడు.

రోడ్డు మీదే వంటా వార్పూ నడుస్తోంది. పొయ్యిల పొగ, డప్పుల మోత. మనోరమ తారురోడ్డు మీద చాక్‌పీసుతో జనగామ వీధులు గీసి, చక్కగా చెప్పుకుంటూ పోయింది. చూసేందుకు మూగినవాళ్లలో సమ్మెలో ఉన్న ఆర్టీసీ డ్రైవరొకాయన అడిగాడు: "చెల్లె, ఈ బొమ్మల తిరిగిన తొవ్వల తిరగకుండ కుదరదంటున్నరు. ఇంకో రోడ్డేస్తే?"

మనోరమ సిద్ధాంతం చెప్పబోయింది. చందూలాల్ చాక్‌పీసు డ్రైవర్ చేతిలో పెట్టాడు.

"అన్నా, చౌరస్తాకు వచ్చినమంటే పోవాలె గద? రానీకి ఒక తొవ్వ, పోనీకి ఒక తొవ్వ. జత తప్పిన చౌరస్తాలు ఈడ నాలుగున్నయ్. వాటిల్ల రెండింటిని కలుపు. మిగిలిన రెండిట్ల ఒకదాంట్ల మొదలువెట్టి, ఇంకోదాంట్ల ఆగుదం."

డ్రైవర్ గీత గీశాడు. ఇద్దరు పిల్లలు ఆ గీతల మీద నడిచి చూశారు. అన్ని దారులూ అయ్యాయి, ఏదీ రెండోసారి తొక్కలేదు. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది మనోరమ.

వెంకట్రాం సార్ ఎక్కువ ఆలోచించలేదు. "ఇద్దరూ బాగ చెప్పిన్రు. చందూలాల్ పేరు పంపుతున్న."

మనోరమ నవ్వుతూ తలూపి, టెంటు వెనక నీళ్ల డ్రమ్ము దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుంది. చందూలాల్ వెనకే వెళ్లాడు.

"సారీ అన్నవంటే ఊకోను," అందామె తిరగకుండానే. "బాధైతుంది. రెండురోజులుంటది, పోతది. నువ్వు మాత్రం మస్తు చెప్పినవ్. ఆ డ్రైవరన్న అడిగింది నాకు పుస్తకంల కనవడ్డది. నీకు రోడ్డు మీద కనవడ్డది."

అప్పుడే ఆమె తండ్రి వీరయ్య సారు రెండు విస్తళ్లలో పులిహోర పట్టుకొచ్చాడు. బడిపంతులు, సమ్మెలో ఉన్నాడు.

"తినుర్రి. బిడ్డా, రోజూ ఇంట్ల నువ్వు తిట్టే పిలగాడు ఇతనేనా?"

"బాపూ!"

"రోజూనా?" అన్నాడు చందూలాల్.

వీరయ్య సారు నవ్వుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు. మనోరమ చెవులు ఎర్రబడ్డాయి. చందూలాల్ విస్తరి చేతిలో పట్టుకుని, తన ఇంటి భాషలో మెల్లగా ఒక మాటన్నాడు.

"ఏందది? తెలుగుల చెప్పు."

"మా యాడి చెప్తది. తండాకు రా."

"యాడి అంటే?"

"అమ్మ."

మనోరమ అతని కళ్లలోకి చూసింది. ఈసారి ప్రశ్నేమీ వేయలేదు. ఎవరి చూపూ పక్కకు పోలేదు.

"బస్సుల్లేవన్నవ్ గద?" అంది చివరికి.

"సమ్మె అయిపోతే నడుస్తయ్."

"అందాంక ఎవలు ఆగుతరు? ముందు అన్నం తిను, నీ బండి మీద తండాకు వస్తనని బాపును అడిగొస్త," అంటూ తన విస్తరి కూడా అతని చేతిలోనే పెట్టి, పొయ్యి వైపు నడిచింది.