తొంభై శాతం చీఫ్

తలుపు తెరుచుకోనందుకే బావ చనిపోయాడు.

ఆనకట్ట కంట్రోల్ రూమ్ తలుపది. భుజంలో తూటా దిగినా బావ అక్కడిదాకా పరుగెత్తి, బొటనవేలు రీడర్‌మీద పెట్టాడు. వేలినిండా నెత్తురు. ముద్ర సరిపోకపోతే తెరవకూడదు, అదీ రూల్. వెంటపడ్డ ముఠాకి రెండో తూటా పేల్చడానికి పది సెకన్లు చాలాయి.

వారం గడిచినా ఏజెంట్ డేగ పళ్లు కొరుకుతూనే ఉన్నాడు. పోయినవాడు తోటి ఏజెంటు మాత్రమే కాదు, అక్క మొగుడు కూడా.

"ఆ విదేశీ ముఠా ఇవాళ పదకొండింటికి గేట్లన్నీ ఎత్తేయబోతోంది," ఉదయం బ్రీఫింగ్‌లో చీఫ్ అన్నాడు. "దిగువన ఊరుంది. కంట్రోల్ రూమ్‌లోకి ఒక్కడు దూరినా చాలు."

నీలి కళ్లద్దాల కన్సల్టెంట్ నవ్వింది. ఆ నవ్వుకి ఆఫీసులో ఫైళ్లు చేజారేవి. "తలుపుకి ఫజీ లాజిక్ పెడదాం, అంటే ఇంచుమించు లెక్క. ముఖం, నడక, గొంతు కలిపి ఎనభై శాతం పోలితే తెరుచుకుంటుంది. ఆ రోజే ఇది ఉంటే మీ బావగారు బతికేవారు."

"పెట్టేయండి!" డేగ బల్ల గుద్దాడు.

పాత రూల్స్ రాసిన ప్రోగ్రామర్ మెల్లగా లేచాడు. "గేటు ఎంత ఎత్తాలన్నది ఫజీకి వదలొచ్చు సార్. నీళ్ల దగ్గర అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. మనిషి దగ్గర కుదరదు. నా తలుపు మొండిదే, కానీ దానికి మొహమాటం లేదు."

"నోర్ముయ్! నీ మొండి తలుపే మా అక్క కొంప ముంచింది!"

ప్రోగ్రామర్ ముఖం పాలిపోయింది. కంప్యూటర్ ముందు కూర్చుని తలుపు రూల్ మార్చాడు. "రూల్స్ చెరపలేదు సార్. ఎఫ్-9 నొక్కితే తిరిగొస్తాయి."

చీఫ్ పదిన్నరకే మినిస్ట్రీకి బయల్దేరాల్సింది. కాఫీ మరీ వేడిగా ఉందని ఆగిపోయాడు.

పది యాభై ఎనిమిది. ఆఫీసులోని కెమెరా తెరమీద, కంట్రోల్ రూమ్ తలుపు ముందుకి చీఫ్ నడిచొచ్చాడు. అదే బట్టతల, అదే కుంటినడక. తొంభై శాతం, అంది కంప్యూటర్. తలుపు కదిలింది.

"నేనిక్కడుంటే వాడెవడ్రా?" కప్పు పట్టుకుని చీఫ్ అరిచాడు.

కన్సల్టెంట్ లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల సన్నటి తుపాకీ గొట్టం. "కదలకు డేగా. నీ కోపమే నా పని సగం చేసిపెట్టింది."

ఆ మాటకి డేగకి తనమీద తనకే ఒళ్లు మండింది. బల్లని ఒక్క తన్ను తన్నాడు. బల్ల తగిలి ఆమె వెనక్కి పడింది, తూటా సీలింగుకి తగిలింది. డేగ ఎఫ్-9 మీద గుద్దాడు.

తలుపు వేలిముద్ర అడిగింది. దొంగ చీఫ్ దగ్గర అది లేదు. సగం దూరినవాణ్ణి తలుపు మూసుకుంటూ నడుం దగ్గర పట్టేసింది. మాస్కు ఊడి వేలాడింది.

పదకొండయింది. గేట్లు కదల్లేదు.

ఇద్దరికీ బేడీలు పడ్డాక డేగ ప్రోగ్రామర్‌ని వెంటబెట్టుకుని ఆ తలుపు దగ్గరికి వెళ్లాడు. రీడర్ పక్కన మేకు, దానికి మడతపెట్టిన చిన్న తెల్ల టవలు.

"ఇదెవరు పెట్టారు?"

"నేనే సార్," అన్నాడు ప్రోగ్రామర్. "మీ బావగారు పోయిన మర్నాడు. వేలు తుడుచుకోడానికి."

డేగ టవలు అంచు పట్టుకుని మడత సరిచేశాడు. తర్వాత గద్దించాడు. "మేకు వంకరగా ఉంది. కొలిచి కొట్టలేవూ?"

"కొలవలేదు సార్. ఇంచుమించుగా కొట్టేశాను."