ఇసుక మేట మీద నార్వే

"సముద్రం మీద పనికొచ్చే పుస్తకం ఒకటివ్వండి. కాస్త లావుగా ఉండాలి" అన్నాడు రాజారత్నం.

కౌంటరు వెనక కూర్చున్న కృపావతి తలెత్తి చూసింది. "చదవడానికా అండీ, పడవలో బరువు కోసమా?"

రాజారత్నం గుడివాడ కుర్రాడు. బి.ఏ. పాసై, పెడనలో కలంకారీ దుప్పట్ల వ్యాపారం చేసే నాంచారయ్య గారి దగ్గర గుమస్తాగా చేరి నెల కాలేదు. నాంచారయ్య గారు ఈమధ్యే ఒక తెరచాప పడవ కొన్నారు. దుప్పట్ల మూటలు కాకినాడకి పంపాలని ఆయన సరదా. "ఇంగ్లీషు చదివావుగా! ఓడలవాళ్ల పుస్తకాలేవో చూసి కొను. పడవతో నువ్వూ వెళ్లు" అన్నారు. రాజారత్నం అప్పటిదాకా కాలవలో లాంచీ తప్ప ఎక్కి ఎరగడు.

బందరులో అలాంటి పుస్తకాలు దొరికేది జీవానందం గారి కొట్లోనే. ఆయన ఒకప్పుడు ఓడల మీద పనిచేశారు. కూతురు కృపావతి కథల పుస్తకాల బదులు అవే చదువుతూ పెరిగింది.

"నాటికల్ ఆల్మనాక్ అని ఉంటుందటగా?" అన్నాడు రాజారత్నం.

"ఉంది. సూర్యుడూ నక్షత్రాలూ ఏ గంటకి ఎక్కడుంటాయో చెబుతుంది. మీ పడవలో సెక్స్‌టెంట్ ఉందా?"

"టెంటు లేదండీ. ఎండకి తాటాకు చాప కట్టాం."

కృపావతి విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకుంది.

"సెక్స్‌టెంటంటే సూర్యుడి ఎత్తు కొలిచే పరికరమండీ. అది లేకపోతే ఆల్మనాక్ దండగ. ఒడ్డు కనబడేలా వెళ్లేవాళ్లకి రెండు చాలు. ఈ ఏడాది ఆటుపోట్ల పట్టిక, మన తీరం పైలట్ పుస్తకం."

"పైలట్టా? మాది విమానం కాదండీ!"

ఈసారి విసనకర్ర చాల్లేదు. "ఎక్కడ ఇసుక మేటలున్నాయో, ఏ దీపస్తంభం ఎటునించి కనబడుతుందో చెప్పే పుస్తకమండీ!" అంటూ పగలబడి నవ్వింది.

రాజారత్నం చెవులు ఎర్రబడ్డాయి. పై అరలో బంగారు అక్షరాల లావుపాటి పుస్తకం కనిపించింది. "అదివ్వండి."

"అది నార్వే తీరానిదండీ."

"సముద్రం ఎక్కడైనా సముద్రమేగా!"

"నేనమ్మను."

"కొనేది నేను!"

"మునిగేదీ మీరే!"

అప్పుడే జీవానందం గారు భోజనం చేసి బయటికొచ్చారు. ఆ పుస్తకం ఎవరు కొంటారా అని ఆయన పదకొండేళ్లుగా చూస్తున్నారు. కూతురు నోరు తెరిచేలోగా పేపర్లో చుట్టి చేతిలో పెట్టేశారు.

మర్నాడు పొద్దున్న పడవ బయల్దేరింది. రాజారత్నం పుస్తకం తెరిచి, పడవ నడిపే తండేలు పోతయ్యకి తెలుగులో చెబుతున్నాడు.

"ఇక్కడ రెండువైపులా నిలువెత్తు కొండలుంటాయట."

పోతయ్య రెండువైపులా మడచెట్లని చూశాడు. "మొన్నటిదాకా లేవు బాబూ."

"మంచు తుఫాను ఏ క్షణమైనా రావచ్చట. ఒంటినిండా కప్పుకోవాలట."

మే నెల. కానీ అచ్చులో ఉన్నమాట. పోతయ్య ఒక మూట విప్పాడు. నలుగురు పడవవాళ్లూ, రాజారత్నమూ నెమళ్లూ ఏనుగులూ ఉన్న దుప్పట్లు తలమీదుగా కప్పుకున్నారు. అతను పేజీ తిప్పేసరికి పడవ కుదుపుతో ఆగిపోయింది.

కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గరి ఇసుక మేట! ఆటు సమయం. అరగంటలో నీళ్లు మోకాళ్లకి దిగాయి. పడవ ఒక పక్కకి ఒరిగింది. ఒడ్డున జనం పోగై, నాటక సమాజం వచ్చిందనుకుని చప్పట్లు కొట్టారు.

పడవ విరిగితే ఉద్యోగమే కాదు, నమ్మి వచ్చిన నలుగురి బతుకూ పోతుంది. రాజారత్నానికి ఏడుపొచ్చింది.

అప్పుడు ఆటుపోట్ల పట్టికా, తీరం పుస్తకమూ చంకన పెట్టుకుని బురదలో నడుచుకుంటూ కృపావతి వచ్చింది. వెనకే గొడుగుతో జీవానందం గారు, తనని తాను తిట్టుకుంటూ.

దుప్పటిలో చెమటలు కక్కుతున్న రాజారత్నాన్ని చూసి ఆమె నవ్వలేదు.

"నవ్వండి, పర్వాలేదు" అన్నాడతను.

"పొద్దున్నించీ నాకు ముద్ద దిగలేదండీ" అంది. పడవెక్కి పట్టిక తెరిచింది. "మూడున్నరకి తేలుతుంది. అందాకా ఎవరూ నెట్టకండి. చెక్కలు విడిపోతాయి."

పోతయ్యా వాళ్లూ దిగి, పడవ ఇంకా ఒరగకుండా గెడలు ఊతగా పెట్టారు. రాజారత్నమూ కృపావతీ చాప నీడన కూర్చున్నారు. ఆమె తీరం పుస్తకం తెరిచి వివరంగా చెబుతోంది. అతను పుస్తకం తప్ప అన్నీ చూస్తున్నాడు.

"నిన్న మీరు నవ్వుతుంటే ఇంకాసేపు నిలబడాలనిపించిందండీ. పోట్లాట తప్ప వంక దొరకలేదు."

కృపావతి పేజీ తిప్పడం మర్చిపోయింది. "ఇకమీదట పోట్లాడకుండానే నిలబడొచ్చు" అంది మెల్లిగా.

పడవ అంచున గొడుగేసుకుని కూర్చున్న జీవానందం గారు గట్టిగా దగ్గారు. "మీవాళ్లు గుడివాడలో ఏ చర్చికి వెళ్తారు బాబూ?"

సమాధానం పూర్తయ్యేసరికి పడవ కింద నీళ్లు గలగలమన్నాయి. ఒకసారి ఊగింది. లేచింది. ఒడ్డున ఈలలు!

"కాకినాడకేనా బాబూ?" అన్నాడు పోతయ్య చుక్కాని పట్టుకుని.

రాజారత్నం కృపావతి వైపు చూశాడు. "కాకినాడ ఎల్లుండి. ముందు గుడివాడ. మా అమ్మతో చెప్పాలి."

పోతయ్య బెంబేలెత్తిపోయాడు. "గుడివాడకి సముద్రం లేదు బాబూ!"

"బస్సుంది" అన్నారు జీవానందం గారు గొడుగు మడుస్తూ. "ఒడ్డుకి తిప్పు. ముగ్గురం వెళ్తాం."