లెక్కకు రాని బరువు

బడి వీధికి ఎదురుగా ఉన్న నీటి అరలు రెండు నిండాయి. మూడోది నిండబోతుంటే నూకరత్నం మీట మీద వేలు పెట్టి ఆపింది.

"చాలు. పిల్లల్లో సగంమంది జ్వరాలతో ఇళ్ళల్లోనే ఉన్నారు," అని బరువులు సరిచూసే యంత్రం తూకధారికి చెప్పింది.

తూకధారి ఆసుపత్రి వివరాలు చూసుకుని "సరే" అంది. అర మూసుకుంది. బడి గంట మోగి, పిల్లలు వీధిలోకి పరిగెత్తారు. భూమికి పైన అంతరిక్షంలో నాగావళి వలయం ఏ కుదుపూ లేకుండా తిరుగుతూనే ఉంది. నడిమధ్య ఇరుసు గదిలో స్ఫటికాల పంట నెమ్మదిగా పెరుగుతూనే ఉంది.

ఆమె ఉద్యోగం ఇదే. వలయంలో ఒక పక్క మనుషులు కదిలితే, సరిగ్గా వాళ్ళకు ఎదురుపక్క గోడల్లోకి అంత బరువు నీరు చేరాలి. చేరకపోతే చక్రం ఊగుతుంది, చక్రం ఊగితే స్ఫటికం పగులుతుంది. ఆ స్ఫటికాన్ని కరిగించిన మందుతోనే కింద భూమ్మీద జనమంతా ఒళ్ళు తగ్గడానికి వారం వారం ఆకలి సూది వేయించుకుంటారు. నాగావళి బతికేది ఆ పంట మీదే.

మామూలు మనుషుల్ని తూకధారి గుంపుగా లెక్కేసుకుంటుంది. బరువు హద్దు దాటినవాళ్ళు మాత్రం చీలమండకు అడుగుపట్టీ కట్టుకోవాలి. వాళ్ళు వేసే ప్రతి అడుగుకూ విడిగా ఎదురునీరు కదులుతుంది. అవతలి వీధిలో ఎవరి పడకగది గోడలోనో, ఎవరి వంటింటి గోడలోనో గుడగుడమంటుంది. వాళ్ళు ముందుకు నడిస్తే ఆ చప్పుడు కూడా ఇల్లిల్లూ దాటుకుంటూ నడుస్తుంది. అధికారిక పత్రాల్లో వాళ్ళ పేరు ఘనపాదులు. ఆ పేరు పెట్టిన మహానుభావుడు గౌరవించాననే అనుకుని ఉంటాడు.

వలయం మొత్తానికి ఘనపాదులు ఇద్దరే, నూకరత్నం, తవిటినాయుడు. ఆకలి సూది పుట్టే చోటే ఇంత లావు మనుషులేమిటని కొత్తగా వచ్చినవాళ్ళు వింతగా చూస్తారు. నూకరత్నానికి సూది పడలేదు. వేసిన ప్రతిసారీ క్లోమం వాచింది, ఆఖరిసారి ప్రాణం మీదికే వచ్చింది. అరవై దాటిన ఒంట్లో చక్కెర జబ్బు, రక్తపోటు, అరిగిపోయిన మోకాళ్ళు ఉన్నాయి. నిద్రలో ఊపిరి ఆగకుండా ముక్కుకు తొడుగు కూడా ఉంది. సూది పడనివాళ్ళకు మిగిలిన దారి కడుపుకోత. జీర్ణాశయం సంచీని కోసి చిన్న గొట్టంలా చేస్తారు. ఆ పని చేసే డాక్టర్ల ఓడ రెండేళ్ళకోసారి వస్తుంది. ఇప్పుడు రేవులోనే ఉంది, ఇంకో నెలలో వెళ్ళిపోతుంది.

"ఈ వయసులో మత్తు తట్టుకోవాలంటే గుండె, ఊపిరితిత్తులు అలవాటుపడాలి రత్నం గారూ. రోజూ నడవండి. పట్టీలో అడుగులు చూశాకే మత్తు డాక్టరు ఒప్పుకుంటారు," అని ఓడలో వచ్చిన డాక్టర్ ఫరీదా మొదటిరోజే చెప్పింది.

నూకరత్నం నడిచింది కూడా. ఒక్కరోజు నడిచింది. సగం వీధి దాటకముందే ఆయాసంతో నోరు తెరుచుకుంది, జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. ఎదురొచ్చినవాళ్ళు మర్యాదగా గోడవారకు తప్పుకున్నారు. ఆ మర్యాద ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. మర్నాడు భోజనశాలలో ఎదురు వీధి అమ్మాయి నవ్వుతూ, "నిన్న మా గోడలో మీరు వెళ్తుంటే మా పాప నిద్రలేచిందండీ," అంది. అందులో విషమేమీ లేదు. అయినా నూకరత్నం తింటున్న ఇడ్లీ వదిలేసి లేచిపోయింది.

ఆ తరవాత చేసిన పని తలుచుకుంటే ఆమెకు తన మొహం అద్దంలో చూసుకోవాలని ఉండదు. గదిలో సామాను పెట్టెల మూతలతో చేసుకున్న ఉయ్యాలబల్ల ఒకటుంది. అడుగుపట్టీ విప్పి దాని గొలుసుకు కట్టింది. బల్లకొక పాత చీర ముడివేసి, మంచం మీద పడుకుని, చంటిపిల్లను ఊపే తల్లిలా లాగసాగింది. ఉయ్యాల ముందుకూ వెనక్కూ పోతే పట్టీ వాటిని అడుగులుగా లెక్కేసింది. తూకధారి పాపం నమ్మేసింది. మధ్యాహ్నం పని దిగాక రోజూ ఇదే తంతు. తన గదికి ఎదురుపక్క ఉన్నవి గోదాములూ, తవిటినాయుడి ఇల్లూ మాత్రమే. ఆ చప్పుడు ఆయనకు కొత్త కాదులే అని సర్దిచెప్పుకుంది. నిన్న అడుగులు తక్కువపడ్డాయని చీర కొంచెం గట్టిగానే లాగింది.

బడి పిల్లలు ఇళ్ళు చేరేసరికి ఇరుసు అధికారి హేమసుందర్ తూకం గదిలోకి వచ్చాడు. చక్కని కుర్రాడు, కోపమొచ్చినా గొంతు పెంచడు.

"నిన్న మధ్యాహ్నం పంటలో పగులొచ్చింది మేడమ్. ముదిరిన స్ఫటికాలు కదా, కొంచెం ఊగినా తట్టుకోలేవు. తవిటినాయుడు గారి వైపు లెక్కకు రాని బరువు తగిలింది."

"లెక్కకు రానిదంటే?" అంది నూకరత్నం.

"పట్టీ విప్పేసి నడిచారు. అంతకన్నా ఏముంటుంది? ఆ వైపు ఘనపాది ఆయనొక్కరేగా. పంట కోసేదాకా మీ ఇద్దరికీ నడక బంద్. ఆయనది తప్పని మీరు సాయంత్రంలోగా ధ్రువీకరిస్తే ఈ గొడవ తీరిపోతుంది. మీకైతే ఇబ్బందేమీ లేదు. మీ అడుగులు ఇప్పటికే సరిపోయాయని ఫరీదా గారు చెప్పారు."

అతని మాట పూర్తయ్యేలోపే నూకరత్నానికి అంతా అర్థమైపోయింది. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనాయె. ఇటుపక్క ఎవరూ నడవలేదు. తూకధారి ఉయ్యాలను నమ్మి అటుపక్క గోడలోకి నీరు తోలింది. ఇవతల మనిషి లేని ఆ నీరే అవతల బరువై కూర్చుంది. నడవని తన నడక వెళ్ళి నాయుడి నెత్తిన పడింది.

చెప్పాలి. నోరు తెరిచింది కూడా. కానీ బయటికి వచ్చింది వేరే మాట.

"సాయంత్రం చెబుతాను బాబూ."

హేమసుందర్ వెళ్ళాడో లేదో గదిలోని స్పీకరులో ఫరీదా గొంతు వినిపించింది. "రత్నం గారూ, శుభవార్త. మత్తు డాక్టరు ఒప్పుకున్నారు. ఈ వయసులో, ఇన్ని జబ్బులతో ఇంత పట్టుదలగా నడిచినవాళ్ళను చూడలేదన్నారు. వచ్చే వారమే కోత."

"చాలా సంతోషమమ్మా," అంది నూకరత్నం. తన గొంతు తనకే అసహ్యంగా వినిపించింది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, కోత అయిపోతుంది. తిరుగుతున్న వలయంలో ఒక పాత ఉయ్యాల సంగతి ఎవరికి తెలుస్తుంది? సిద్ధంకాని గుండెతో మత్తుకు పడుకుంటే ఏమవుతుందో కూడా తెలుసు. అయినా ఆ భయం కంటే ఉయ్యాల సంగతి నలుగురికీ తెలుస్తుందన్న భయమే పెద్దదిగా ఉంది. ఇంత వయసొచ్చి ఇదేం బుద్ధి అని తనను తానే తిట్టుకుంది.

భోజనాల వేళకు తవిటినాయుడు వచ్చాడు. నడక బంద్ కనుక సామాను మోసే బండి మీద కూర్చోబెట్టి తీసుకొచ్చారు. పోయినసారి ఓడ వచ్చినప్పుడు కోత చేయించుకున్న మనిషి. సగానికి తగ్గినా ఇంకా హద్దుకు పైనే ఉన్నాడు. చొక్కా వదులై భుజాల మీంచి జారుతోంది. ఒక కాలు మాత్రం మోకాలి కింద నిగనిగలాడుతూ వాచి ఉంది.

"నాను పట్టీ ఇప్పనేదు చెల్లెమ్మా," అన్నాడు బండి దిగకుండానే. "తానానిక్కూడా ఇప్పను. ఆ బాబు ఇనడం నేదు. నువ్వు తూకం మనిసివి, నువ్వు సెబితే ఇంటాడు."

"కాలేమిటి నాయుడు గారూ, అలా వాచింది?"

"ఇదే గదా నా బాధ. కోతయినప్పుడు ఈ కాల్లో రగతం గడ్డకట్టింది, కూకుంటే మల్లీ గడ్డకట్టేత్తాదని డాకటరమ్మ మరీ మరీ సెప్పింది. పొద్దున్నించి కదలనేదు, అప్పుడే ఈ కాలు సూడు. మూడు సెంచాల గంజి తాగి బతుకుతన్నానంటే తిండికి బాధ నేదు. నడక్కే బాధ." కొంచెం సేపు ఊపిరి పీల్చుకున్నాడు. తరవాత మొహం విప్పారింది. "ఇంకోటి. మద్దేన్నం పూట నా గోడలో నీల్లు మోగతాయి గదా, అయి నీయేనని నాకు తెలుసు. నానెవులికీ సెప్పనేదు. 'నా చెల్లి అన్ని జబ్బులెట్టుకోని నడుస్తంది, నానేటి ఇలగ కూకున్నాను' అనుకోని, ఆ సప్పుడినగానే నానూ లెగిసి నడిసీవోన్ని. నీ దయవల్లే ఈ మాత్తరం ఉన్నాను."

నూకరత్నం తల ఎత్తలేకపోయింది. ఆయన ఒక్క తిట్టు తిట్టినా భరించేది. ఆ మంచితనం మాత్రం భరించలేకపోయింది. చెవులు కాలిపోతున్నాయి. మీటల బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని, భూమి లేని ఆ చోట భూమి చీలితే బాగుండునని కోరుకుంది.

"నేను నడవలేదు," అంది.

"ఏటి?"

"పట్టీ ఉయ్యాలకు కట్టాను. మంచం మీద పడుకుని చీర ముడేసి లాగాను. మీ గోడలో మోగింది ఉయ్యాల."

తవిటినాయుడు నవ్వనూ లేదు, కోప్పడనూ లేదు. వాచిన కాలును చేత్తో రాసుకుంటూ, "ఎంత సిగ్గుపడితే ఆ పని సేసుంటావు తల్లీ," అన్నాడు.

ఆ మాటతో ఆమెకు ఏడుపొచ్చింది. పైట చెంగుతో మొహం తుడుచుకుంది. హేమసుందర్‌ను పిలిచి చెవిలో చెబితే నాయుడి మీది మాట పోతుందని ఆలోచించింది. మాట పోతుంది గానీ బంద్ పోదు. పంట కోతకు ఇంకా నెలన్నర ఉంది. అంతవరకూ ఆయన కాలు ఆగదు, రేవులో ఓడా ఆగదు. స్ఫటికాలు పెరుగుతున్నంతసేపూ ఘనపాదులు కదలకూడదు. అయితే అవి పెరగడం ఆగితే? పగలు ఓ గంట పంటను నిలిపి ఉంచితే పగులుకు భయం లేదు, కాకపోతే పంట కోత ఆలస్యమవుతుంది. ప్రమాదం వస్తే నిలిపే హక్కు తూకం గదికి ఉంది. ఇన్నేళ్ళలో ఆ హక్కును ఎవరూ వాడలేదు.

నిలుపుదల మీట మీద చెయ్యి వేసింది.

"కారణం?" అని అడిగింది తూకధారి. "మంట, గాలి కారడం, ఢీకొనడం, ఇతరం."

"ఇతరం."

"వివరం చెప్పండి. నిలుపుదలకు కారణం, ఆపినవారి పేరు ప్రతి గదిలోనూ వినిపించాలని నియమం."

ఆ నియమం ఆమెకు తెలియనిది కాదు. చెయ్యి వెనక్కు తీసుకోవాలనిపించింది. బండి మీద నాయుడు కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు. గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగింది, అయినా చివరిదాకా చెప్పింది.

ఇరుసులో హోరు తగ్గి ఆగిపోయింది. వలయంలోని బడిలో, భోజనశాలలో, ఆసుపత్రిలో, ప్రతి ఇంట్లో తూకధారి తన చదును గొంతుతో ఆ మాటలనే పొల్లుపోకుండా చదివింది:

"నిలుపుదల. ఆపినవారు నూకరత్నం, తూకం గది. కారణం: నిన్నటి పగులు తవిటినాయుడు గారి వల్ల కాదు. సిగ్గుపడి నేను నడవకుండా నా పట్టీని ఉయ్యాలకు కట్టాను. తప్పు నాది. ఇప్పుడు మేమిద్దరం నడవాలి. నడవకపోతే చచ్చిపోతాం."

నియమం ప్రకారం మూడుసార్లు చదివింది. మూడోసారికి ఫరీదా పిలిచింది.

"రత్నం గారూ, ఆపరేషన్ జాబితాలోంచి మీ పేరు తీసేయక తప్పదు."

"తీసేయమ్మా. ఓడ వెళ్ళేలోపు నిజంగా ఎంత నడుస్తానో చూసి, అప్పుడు మళ్ళీ రాస్తావో లేదో నీ ఇష్టం."

"కూర్చోవాలనిపిస్తే కూర్చోండి. ఛాతీలో నొప్పి వస్తే వెంటనే పిలవండి," అంది ఫరీదా.

నూకరత్నం పట్టీ చీలమండకు బిగించుకుని తలుపు తెరిచింది. వీధిలో తలుపులన్నీ తెరిచే ఉన్నాయి, గడప గడపకూ మనుషులున్నారు. సిగ్గు పోలేదు. ఒళ్ళంతా సిగ్గుతోనే మొదటి అడుగు వేసింది. నాయుడు బండి దిగి, గోడ పట్టుకుంటూ పక్కకు వచ్చాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు, మాట్లాడేంత ఊపిరి ఇద్దరికీ లేదు. బడి మలుపు దగ్గర ఆమె మోకాలు మొరాయించింది. ఒక గడప దగ్గర ఆగి రొప్పింది. ఆ ఇంటావిడ ఏమనాలో తెలియక పీట తెచ్చి వేసింది. నూకరత్నం కూర్చుంది, చెమట తుడుచుకుంది, మళ్ళీ లేచింది.

వీధి చివర హేమసుందర్ నిలబడి ఉన్నాడు. మొదటిసారి గొంతు పెంచాడు. "పంట వెనకపడుతుంది మేడమ్! కింద ఏమని చెప్పమంటారు?"

"ఇక్కడ మనుషులు నడుస్తున్నారని చెప్పు బాబూ."

తూకం గదికి తిరిగి వచ్చేసరికి కాళ్ళు వణుకుతున్నాయి. నాయుడు గడపలోనే కూలబడి కాలు చాపుకున్నాడు.

"నిలుపుదల ముగించాలా?" అని తూకధారి అడిగింది.

నూకరత్నం ఊపిరి కుదుటపడేదాకా ఆగింది.

"ఇవాళ్టికి ముగించు," అంది. "రేపు మళ్ళీ ఇదే వేళకు ఆపు. పేరూ కారణమూ చదువు."