ముఖం లేని సినిమా

ఆ రోజు పొద్దున కూడా నిఖత్ రొట్టెలు కాలుస్తూ మొగుణ్ణి కేకేసింది.

"ఇనవడ్తలేదా? దుకాణం తెర్వవా?"

అఫ్జల్ వెనక గదిలో, చనిపోయిన తండ్రి కుర్చీలో, కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.

తండ్రి సాబిర్ సాబ్ పేరున్న చిత్రకారుడు. ఢిల్లీలో జనం ఆయన బొమ్మల ముందు బారులు తీరేవారు. వనపర్తిలో పెళ్లాం పిల్లలకు మాత్రం బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత. ఆయన పోయిన ఏడాదికి, పెద్ద కూతురు ముబషిరా హైదరాబాద్ నుంచి కెమెరాతో దిగింది. తండ్రి జీవితం మీద సినిమా తీస్తానంది. మామూలు సినిమా కాదు, ప్రయోగం. అందులో మాటలుండవు, ఆయన ముఖం కూడా ఉండదు. ఉండేదల్లా బొమ్మ వేస్తున్న మనిషి వీపు. తమ్ముడి వీపు అచ్చం తండ్రిదే కనక అతన్నే కూర్చోబెట్టింది. పాపం, బోరు మోటార్లు బాగుచేసుకునే అఫ్జల్‌కి కుంచె పట్టడమే రాదు.

పోయినవాళ్ల బట్టలు నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక పేదలకు పంచేస్తారు. తల్లి మెహబూబీ అన్నీ పంచింది గానీ, రంగు మరకల జుబ్బా ఒక్కటి పెట్టె అడుగున దాచుకుంది. అదే ఇప్పుడు కొడుకు ఒంటి మీదికొచ్చింది. మొదట్లో అందరూ నవ్వుకున్నారు. తర్వాత ఏ రోజుకారోజు షూటింగ్ ముగిసినా అతను దాన్ని విప్పడం మానేశాడు. తండ్రిలా కుంచె ఎడమచేత్తో పట్టమన్నది అక్కే. ఇప్పుడు అన్నం కూడా ఎడమచేత్తోనే కలపబోతున్నాడు.

మెహబూబీ చాయ్ గ్లాసు తెచ్చి కుర్చీ పక్కన చప్పుడు కాకుండా పెట్టింది. తల మీద కొంగు సర్దుకుంది.

"చక్కెర తక్కువేసిన. తాగుండ్రి," అంది.

ఆ మాట విని నిఖత్ పొయ్యి వదిలి గదిలోకొచ్చింది. కన్నకొడుకును ఏ తల్లి మొగుణ్ణన్నట్టు 'తాగుండ్రి' అంటుంది?

"ఆపా, ఇగ బందువెట్టు! అత్తమ్మ ఏమంటుందో ఇన్నవా?" అంది ఆడబిడ్డతో.

ముబషిరా కెమెరాలోంచి కన్ను తీయలేదు. "జర ఆగు నిఖత్. గిట్లాంటిది మళ్ల దొరకది."

"నీకు సిన్మా గావాలె. నాకు నా మొగుడు గావాలె! బిడ్డకు జరమొచ్చిందని రాత్రి సంది మొత్తుకుంటున్న. తిరిగి గూడ సూస్తలేడు."

"గట్ల ఒర్లకు," అంది మెహబూబీ మెల్లగా. "బొమ్మేసేటప్పుడు ఆయనకు సప్పుడు గిట్టది."

నిఖత్ ఏడుస్తూ వెళ్లి ఆ జుబ్బా పట్టి గుంజింది.

"ఇడ్సిపెట్టు," అన్నాడు అఫ్జల్, కిటికీకేసి చూస్తూనే. "చిన్నప్పుడు తలుపుకాడ నిలవడి అబ్బా ఈపే సూస్తుంటి. ఎంత పిల్సినా తిరుగకపోతుండె. గిప్పుడు ఈడ కూసుంటె ఆయన నా లోపలున్నట్టుంది. లేస్తె మళ్ల పోతడు."

మెహబూబీ కళ్లు తలుపు వైపు వెళ్లాయి. నాలుగేళ్ల మనవరాలు తస్లీమా జ్వరం ముఖంతో గడప మీద నిలబడి ఉంది. తండ్రిని పిలవడం కూడా లేదు, ఊరికే ఆ వీపును చూస్తోంది. పోయినాయన మీద మమకారంతో తను చేస్తున్నదేమిటో ముసలామెకు అప్పుడు అర్థమైంది. ఉన్న కొడుకును చేజేతులా సమాధిలోకి పంపిస్తోంది.

"అఫ్జల్!" అంది మెహబూబీ. "పోయినోడు పోయిండు. నువ్వు నా కొడుకువురా. ఇటు తిరుగు, నీ బిడ్డ నిలవడ్డది."

మధ్యలో ఆపితే అప్పటిదాకా తీసినదంతా దండగే. అయినా ముబషిరా కెమెరా ఆపేసింది. ఆమె కళ్లనిండా నీళ్లు. "తిరుగు తమ్మీ," అంది.

అతను తిరిగాడు. ఒక్క క్షణం ఆ కళ్లు అక్కడున్న ఎవర్నీ గుర్తుపట్టలేదు. పిల్ల భయంతో వెనక్కి జరిగింది.

"అబ్బా?" అని తండ్రిని పిలిచింది సన్నగా.

అఫ్జల్ కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచి బిడ్డను ఎత్తుకున్నాడు. ఆ లేత ఒళ్లు తగలగానే ఉలిక్కిపడ్డాడు.

"నిఖత్, దీని ఒళ్లు కాల్తుంది గదా! నాకెందుకు చెప్పలే?"

నిఖత్ అతని చేయి గట్టిగా పట్టుకుంది.

"గిప్పుడు చెప్తున్న," అంది, వెక్కివెక్కి ఏడుస్తూ. "పా, దవాఖానకు పోదాం."