మైనం పూసిన బాతు

"ఇక్కడ రేడియోలు బాగుచేస్తామండీ, కోళ్లని కాదు" అన్నాడు బాలశౌరి.

"ఇది కోడి కాదు, బాతు" అంది ఆ అమ్మాయి. "కోడికీ బాతుకీ తేడా తెలియనివాళ్లు రేడియోలు మాత్రం ఏం బాగుచేస్తారు లెండి" అంటూ బల్ల మీద పెట్టిన బొమ్మని మళ్లీ సంచిలో వేసుకోబోయింది.

తిరువూరు బస్టాండు ఎదురుగా బాలశౌరి రిపేరు షాపు పెట్టి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో ఆ బల్ల మీదికి ట్రాన్సిస్టర్లు వచ్చాయి, టార్చిలైట్లు వచ్చాయి, ఓసారి పెళ్లివారి మైకు కూడా వచ్చింది. పసుపురంగు ప్లాస్టిక్ బాతు రావడం ఇదే మొదలు. దాన్ని పట్టుకొచ్చిన అమ్మాయిలాంటి అమ్మాయి రావడమూ ఇదే మొదలు. నీలం వాయిల్ చీర, భుజాన సంచి, చేతిలో తడిసిన గొడుగు. మాట కోపంగానే ఉంది గానీ కళ్లు మాత్రం నవ్వడానికి ఏదైనా దొరికితే బాగుండునన్నట్టున్నాయి. ఆ కళ్లు చూశాక మనవాడికి కోడేదో బాతేదో నిజంగానే తెలియకుండా పోయింది.

"ఇలా ఇవ్వండి, చూస్తాను. ఏంటి దీని జబ్బు?"

"నీళ్లలో వేస్తే ఈదాలి. మా అక్క కువైటులో నర్సు. తన కూతురు స్నానం చేసేటప్పుడు ఆడుకుంటుందని పంపింది. మూడు రోజులు ఈదింది, నాలుగో రోజు ఆగిపోయింది."

బాలశౌరి బాతు పొట్టకింద మూత తీశాడు. లోపల ఒక పెన్సిల్ సెల్లు, వేలెడంత మోటారు, తోక కింద నీళ్లని తోసే బుల్లి ఫ్యాను. సెల్లు చుట్టూ పచ్చగా చిలుం పట్టింది.

"లోపలికి నీళ్లు చేరాయండీ."

"నీళ్లలో ఆడే బొమ్మకి నీళ్లు పడకపోతే ఎలా? వాటర్ ప్రూఫ్ అని అట్టపెట్టె మీద అంత పెద్ద అక్షరాలతో రాశారు."

"రాసినవాడు ఒడ్డున కూర్చుని రాసుంటాడండీ."

ఆమె నవ్వు ఆపుకోబోయింది, కుదరలేదు. ఇంతలో వినగడప బస్సు హారను కొట్టింది. "జ్ఞానమణి టీచరుగారూ, మీకోసమే ఆపాను!" అని కండక్టరు కేకేశాడు. ఆమె సాయంత్రం వస్తానని చెప్పి వానలో పరుగెత్తింది. అడగకుండానే పేరు తెలిసినందుకు బాలశౌరి ఆ కండక్టరుకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

ఆ రోజు రెండు ట్రాన్సిస్టర్లు పక్కన పెట్టి బాతునే చూసుకున్నాడు. చిలుం గీకాడు, మోటారు ఆరబెట్టాడు, కొత్త సెల్లు వేశాడు. మూత చుట్టూ కొవ్వొత్తి మైనం కరిగించి పోశాడు. సాయంత్రం బకెట్లో వదిలితే బాతు గుండ్రంగా తిరిగింది. జ్ఞానమణి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

నాలుగో రోజు పొద్దున బాతు మళ్లీ బల్ల మీదికొచ్చింది.

"బాగుచేశారు, బాగానే ఉంది!" అంది.

మైనం ఇంకాస్త దట్టంగా పూశాడు. మరో నాలుగు రోజులకి మళ్లీ వచ్చింది.

"ప్రభువు మూడో రోజున లేవడం గురించి గుళ్లో విన్నాను గానీ, మూడో రోజున పడుకోవడం మీ చేతి బాతు దగ్గరే చూస్తున్నానండీ" అంది జ్ఞానమణి.

బాలశౌరికి రోషం వచ్చింది. మూతని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. మైనం అంచులన్నీ మెత్తబడి జారిపోయి ఉన్నాయి. వేలు పెడితే జిడ్డుగా తగిలింది.

"దీన్ని వేడినీళ్లలో వేస్తున్నారా?"

"మూడేళ్ల పిల్లకి చన్నీళ్లు పోస్తామా ఏంటి? ఒళ్లంతా నూనె రాసి, సున్నిపిండితో నలిచి, కాగునీళ్లు పోస్తాం. బాతు అందులోనే ఈదుతుంది."

అప్పుడు తెలిసింది అతనికి. ఎక్కడో గోరువెచ్చని నీళ్లలో సబ్బు నురగ మధ్య తేలడానికి చేసిన బాతుని తీసుకొచ్చి ఇక్కడ నూనెలోనూ పొగలుగక్కే నీళ్లలోనూ వేస్తే ఏ మైనం ఆగుతుంది? దానికి మందు సులువే. సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి మూత కింద వాషరుగా వేయాలి. స్నానం అవగానే మూత తీసి, సెల్లు బయట పెట్టి, తుడిచి ఆరబెట్టుకోవాలి. ఐదు నిమిషాల్లో ఎవరికైనా నేర్పచ్చు. ఇక షాపుకి రావలసిన పనే ఉండదు.

చెబుదామని నోరు తెరిచాడు.

"పాపం, మీకూ విసుగే" అంది ఆమె అప్పుడే, గొడుగు మడుస్తూ. "నాకు మాత్రం వారానికి రెండుసార్లు ఇక్కడ ఆగడం అలవాటైపోయిందండీ."

బాలశౌరి నోరు మూసుకున్నాడు. కొవ్వొత్తి వెలిగించాడు.

అది తప్పని అతనికి తెలుసు. తెలిసీ ఆ వారం ఒకసారి, పై వారం రెండుసార్లు అదే పని చేశాడు. బాతు ఆగిన ప్రతిసారీ బస్సు వచ్చేదాకా పది నిమిషాలు ఆమె బల్ల ముందు నిలబడేది. బడిలో పిల్లల అల్లరి చెప్పేది. అతను సైరను మోగినట్టు ఏడ్చే రేడియోల గురించి చెప్పేవాడు. వాన పడితే ఆమె ఇంకాస్త లోపలికి జరిగేది. బొమ్మే కదా, ఆగితే పిల్ల కాసేపు అలుగుతుంది, అంతే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక గుడి మెట్ల దగ్గర ఒక పెద్దావిడ అతన్ని ఆపింది. చంకలో పాప. పాప కుడికాలి మీద మోకాలి దాకా కాలిన మచ్చ.

"నువ్వేనా బాబూ, మా బాతు డాక్టరువి? నేను మణి వాళ్లమ్మని, మేరమ్మని. ఇదే మా లూర్దు."

"కాలికేమైందండీ?" అన్నాడు బాలశౌరి.

"ఐదు నెలలైంది. మరిగే నీళ్ల చెంబు మీదికి లాక్కుంది. పుండు మానింది గానీ భయం మానలా. నీళ్ల చప్పుడు వింటే చాలు, మంచం కిందకి దూరేది. వాళ్లమ్మ పంపిన బాతు ఈదుతుంటే దాన్ని పట్టుకోవడానికి తనంతట తనే వచ్చి నీళ్లలో కూర్చుంది. అది మధ్యలో ఆగిందనుకో, ఇక చూడు. మొన్న గుక్కపట్టి ఏడ్చి పెదాలు నల్లబడిపోయాయి. మణి ఆ పూట అన్నం ముట్టలా. నీ చేతి చలవ వల్ల ఆ నాలుగు రోజులైనా నడుస్తోంది. దేవుడు నిన్ను చల్లగా చూడాలి బాబూ."

పాప అతని చొక్కా గుండీ పట్టుకుని లాగింది. ఆ చేతిని చూసి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

సోమవారం పొద్దున జ్ఞానమణి బాతు తెచ్చింది. అతను కొవ్వొత్తి తీయలేదు.

"మీకొకటి చెప్పాలండీ. ఇది ఎందుకు ఆగుతోందో నాకు రెండు వారాల కిందటే తెలిసింది. మైనం ఆగదని తెలిసే పూశాను. మీరు మళ్లీ వస్తారని."

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో రంగు మారింది.

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు. లూర్దు సంగతి నిన్నటిదాకా నాకు తెలియదు. తెలియకపోయినా చేసింది తప్పే."

"నీళ్లు ఎక్కువ పోశానేమో, సరిగ్గా పట్టుకోలేదేమో అని నన్ను నేను తిట్టుకున్నానండీ" అంది ఆమె. "మీతో మాట్లాడటం బాగుందనుకున్నాను. అది నా తెలివితక్కువ. నాకు నేర్పండి. మళ్లీ ఈ మెట్టు ఎక్కే అవసరం రాకూడదు."

అతను సైకిలు ట్యూబు కత్తిరించి వాషరు చేశాడు. ఫ్యాను ఊచ దూరే చోట గ్రీజు కూరాడు. పావలా బిళ్లతో మూత ఎలా తిప్పాలో చూపించాడు. ఆమె రెండుసార్లు తానే తీసి, తానే బిగించి, బాతుని సంచిలో వేసుకుని బస్సెక్కింది. వెనక్కి చూడలేదు.

ఆ తర్వాత బాతు ఆగలేదు. ఒక వారం, రెండు వారాలు, నాలుగు వారాలు. రోజూ పొద్దున జ్ఞానమణి బస్టాండుకి వచ్చేది, గొడుగు అతని షాపు వైపుకి వంచుకుని నిలబడేది. వాన లేని రోజున కూడా వంచేది. గుడి దగ్గర మేరమ్మ మాత్రం, "పిల్ల ఇప్పుడు నీళ్లలోంచి లేవనంటోంది బాబూ" అని మురిసిపోతూ చెప్పింది. ఆ మాటకి బాలశౌరి నిజంగా సంతోషించాడు. తాను చేసిన పనుల్లో ఇదొక్కటే గట్టిగా నిలిచిందని, దానితోనే ఆమె దూరమైందని ఇంటికెళ్లి దిగులుపడ్డాడు.

ఐదో వారం శనివారం మధ్యాహ్నం, సన్నగా జల్లు పడుతుండగా, ఆ గొడుగు సరాసరి షాపులోకి వచ్చింది. దాని కింద జ్ఞానమణి, ఆమె వేలు పట్టుకుని లూర్దు.

"బాతు చెడిపోయింది" అంది, గోడ మీది క్యాలెండరు కేసి చూస్తూ.

బాలశౌరి గభాలున లేచాడు. "ఆగిపోయిందా? పాప భయపడిందా?"

"ఆగలేదు. వెనక్కి ఈదుతోంది."

"వెనక్కి పోతోంది, తోక ముందు!" అని లూర్దు కిలకిలా నవ్వింది. భయమన్నది ఆ మొహంలో ఎక్కడా లేదు.

అతను మూత తీశాడు. లోపలంతా పొడిగా, శుభ్రంగా ఉంది. వాషరు చెక్కుచెదరలేదు. సెల్లు మాత్రం తలకిందులుగా ఉంది.

"సెల్లు తిరగేసి పెడితే మోటారు ఎదురు తిరుగుతుందండీ" అన్నాడు మెల్లగా. "దానంతట అది తిరగదు."

"లూర్దు తిప్పిందేమో."

"నేను కాదు, పిన్ని తిప్పింది" అంది లూర్దు. "పావలాతో."

జ్ఞానమణి మొహం ఎర్రబడింది. అయినా తల దించుకోలేదు.

"మీరు మూడుసార్లు చేశారు. నేను చేసింది ఒక్కసారే. అదీ పిల్లకి చెప్పి, నవ్వించి చేశాను."

"ఇంకోసారి చేయకండి. మా అమ్మని వెంటబెట్టుకుని నేనే మీ ఇంటికి వస్తాను."

"ఎందుకు?"

"మిమ్మల్ని చేసుకుంటానని అడగడానికి. మీరంటే నాకు ప్రాణం."

జ్ఞానమణి పాపని దగ్గరికి తీసుకుంది.

"మా అక్క తిరిగొచ్చేదాకా లూర్దు నాతోనే ఉంటుంది. నేనెక్కడికెళ్తే అక్కడికే. ఇది విని ఇద్దరు పెళ్లికొడుకులు ఇప్పటికే వెళ్లిపోయారు."

"మా ఇంట్లో కాగు పెద్దదండీ. ఇద్దరికి సరిపడా నీళ్లు కాగుతాయి."

"ఎవరు కాస్తారు?"

"నేనే."

"మరీ వేడిగా కాచకండి" అంది జ్ఞానమణి. చీర కొంగు చివరతో కళ్లు ఒత్తుకుని, "రేపు పూజ అయ్యాక అత్తయ్యగారిని తీసుకురండి" అని, అన్న మాట తన చెవిన పడగానే గొడుగు కూడా మరిచిపోయి, పాపని ఎత్తుకుని జల్లులోకి పరుగెత్తింది.