కోటు లోపలి అడ్రసు

ఆ అబ్బాయి మొదటిసారి మా గుమ్మంలో నిలబడ్డప్పుడు తల నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దై ఉన్నాడు. చొక్కా మాత్రం పొట్ట దగ్గర ఎత్తుగా ఉబ్బి ఉంది. లోపల ఏదో దాచుకున్నాడు.

కత్తి అంత వెడల్పు ఉండదు కదా. మరింకేమై ఉంటుంది?

"ఎవరయ్యా నువ్వు? ఏంటది లోపల?" తలుపు గొలుసు తియ్యకుండానే సందులోంచి అడిగాను.

"పేపర్లండీ."

"ఏం పేపర్లు? కోర్టు పేపర్లా?"

"అయ్యో కాదండీ, చదువుకునే పేపర్లే. తడవకుండా లోపల పెట్టుకున్నాను. కావాలంటే చూడండి," అని చొక్కా గుండీ మీద చెయ్యి వేశాడు.

"గుండీలు విప్పకు!" అని ఒక్క అరుపు అరిచాను.

ఆ అరుపుకి మా అమ్మాయి లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, గొలుసు తియ్యి. మా ఆఫీసు మనిషే. ఏంటి సిగ్నల్, నీ గొడుగేదీ?"

"బామ్మగారికిచ్చాను మేడమ్."

"పేపర్లు పొడిగా ఉండి నువ్వు తడవడమేంటి?"

"నేనైతే ఆరితే మళ్ళీ మనిషినే మేడమ్. పేపరు ఆరితే అట్టముక్క అయిపోతుంది."

మా అమ్మాయి నవ్వింది. పుట్టినప్పటి నుంచి దాని నవ్వులన్నీ నాకు తెలుసు. ఇది మాత్రం కొత్తది. నాకు అప్పుడే భయమేసింది.

మా అమ్మాయి పని చేసేది ఒక వీధి పత్రికలో. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు, ఎక్కడా పని దొరకనివాళ్ళు వీధుల్లో నిలబడి అమ్ముకుని బతికే పత్రిక అది. సైకిళ్ళ షాపు మీద రెండు గదుల ఆఫీసు. ఈ అబ్బాయి నాలుగు రోడ్ల కూడలిలో ఎర్ర లైటు పడ్డప్పుడు అమ్ముతాడు కాబట్టి అందరూ 'సిగ్నల్' అని పిలుస్తారు. ఆ లైటు దగ్గర చూసినవన్నీ అదే పత్రికలో రాస్తాడు కూడా. చదివాను. బాగానే రాస్తాడు. అది వేరే సంగతి.

ఇలాంటి పత్రికలు చాలా దేశాల్లో ఉన్నాయట. ఆ పత్రికల వాళ్ళందరూ ఏడాదికోసారి ఏదో ఒక దేశంలో కలుసుకుంటారట. ఈసారి మా వాళ్ళ నుంచి ఇద్దరికి పిలుపొచ్చింది. ఒకరు సిగ్నల్. ఇంకొకరు ఆస్పత్రి గేటు దగ్గర అమ్మే బామ్మగారు. ఇద్దరినీ తయారుచేసే పని మా అమ్మాయిది. ఫొటోలు, ఫారాలు, అక్కడ మాట్లాడాల్సిన ఉపన్యాసం, అన్నిటికంటే ముందు వీసా ఇంటర్వ్యూ.

కిందటేడు వెళ్ళాల్సిన ఆయన్ని ఆ ఇంటర్వ్యూలోనే వెనక్కి పంపేశారు. 'నువ్వు తిరిగి వస్తావని ఏంటి నమ్మకం?' అని అడిగితే పాపం నోరు పెగల్లేదట. అందుకని ఎడిటర్ గారు, "ఈసారి ఎవర్నీ నమ్మని మనిషి ఒకరిని వెతికి, వాళ్ళ చేత ముందే ప్రశ్నలు అడిగిద్దాం," అన్నారట.

"వెతకడమెందుకు సార్, మా అమ్మ ఉందిగా," అందట నా కూతురు.

అలా నేను ఆఫీసరునయ్యాను.

ఆదివారం మా ముందు గదిలో కుట్టుమిషను టేబులు వెనక కూర్చున్నాను. నేను బట్టలు కుడతాను. మెడలో టేపు అలాగే ఉంది. మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని ఓ మూల కూర్చున్నారు. మా ఇంట్లో గోడ నిండా గడియారాలే, ఏ రెండూ ఒక టైము చూపించవు. నేనెప్పుడూ అన్నిటికంటే ముందు నడిచేదాన్నే నమ్ముతాను. భయపడడానికి కాస్త టైము మిగులుతుంది.

ముందు బామ్మగారిని పిలిచాను.

"తిరిగి వస్తారని నమ్మకమేంటండీ?"

"నా పళ్ళసెట్టు ఇక్కడి డాక్టరు దగ్గర రిపేరుకిచ్చాను. అది తీసుకోకుండా నేనెక్కడికి పోతాను?"

"పాస్," అన్నాను.

తర్వాత అతను వచ్చి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

"అక్కడ దారి తప్పితే ఏం చేస్తావు?"

"సిగ్నల్ ఎక్కడుందో కనుక్కుని అక్కడ నిలబడతానండీ. ఎర్ర లైటు పడితే ఎవరో ఒకరు ఆగుతారు కదా."

"జ్వరమొస్తే?"

"పడుకుంటాను."

"ఎక్కడ?"

"ఎక్కడైనా అలవాటేనండీ."

ఆ మాట మామూలుగానే అన్నాడు. నేను మెడలో టేపు సర్దుకుని తర్వాతి ప్రశ్న వేశాను.

"ఇల్లెక్కడ?"

"షెల్టర్లో. పన్నెండో మంచం."

"అమ్మా నాన్నా?"

"లేరండీ."

"అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు?"

తల అడ్డంగా ఊపాడు.

"మరి తిరిగి వస్తావని ఏంటి నమ్మకం? ఇక్కడ నీకెవరున్నారు?"

అతను నోరు తెరిచాడు. కళ్ళు మాత్రం నా వైపు లేవు. కిటికీ దగ్గర ఫైలు పట్టుకుని నిలబడ్డ మా అమ్మాయి వైపు వెళ్ళి, టక్కున నేల మీదికి దిగిపోయాయి. అది ఆ ఫైల్లో ఏదో వెతకడం మొదలుపెట్టింది. ఫైలు తలకిందులుగా ఉంది.

గడియారాలన్నీ కలిసి టిక్కుటిక్కుమంటున్నాయి.

"ఫెయిల్," అన్నాను.

మూడు ఆదివారాలు అదే ప్రశ్న, అదే మౌనం. మిగతావన్నీ గడగడా చెప్పేవాడు. ఉపన్యాసం కంఠతా వచ్చేసింది. విమానంలో బెల్టు పెట్టుకోవడం మా కుర్చీకి నా టేపు కట్టి ప్రాక్టీసు చేశారు. "సిగ్నల్, నువ్వు బెల్టు పెట్టుకోవట్లేదు, మూట కడుతున్నావు," అని మా అమ్మాయి, "మేడమ్ పెట్టి చూపిస్తే నేర్చుకుంటాను," అని అతను. ఆ ప్రశ్న రాగానే మాత్రం మూగనోము.

ఒకరోజు మా ఆయనతో అన్నాను, "ఏవండీ, ఆ అబ్బాయి వెళ్ళి తిరిగి రాకపోతే?"

"రాకపోతే మనకేంటి?"

"మనకి కాదు. దానికి."

ఆయన భూతద్దం తీసి నా వైపు చూశారు. "నీకూ తెలిసిందా?"

"మీకెప్పుడు తెలిసింది?"

"అతనున్నంతసేపూ అది ఒక్కసారి కూడా టైము చూడదు. ఈ ఇంట్లో అదెంత కష్టమో నీకు తెలుసుగా," అని మళ్ళీ భూతద్దం పెట్టుకున్నారు.

నాకు ఆ పూట అన్నం సహించలేదు. వీసా రాకపోతే ఆ అబ్బాయి కుమిలిపోతాడు. వస్తే వెళ్ళిపోతాడు. పన్నెండో మంచం కోసం ఎవరైనా తిరిగి వస్తారా? కూతురు కిటికీ దగ్గర నిలబడి ఎదురుచూడడం అప్పుడే నా కళ్ళకి కనబడుతోంది.

ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు ఒక కోటు తెచ్చారు. ఎవరో ఆఫీసుకి ఇచ్చిన పాత కోటు, అతనికి బాగా వదులు. కొలతలు తీసుకోవడానికి టేపు చుట్టాను.

"ఊపిరి బిగపట్టకు. నీ అసలు కొలత కావాలి నాకు."

"భయంతో బిగిసిపోయిందండీ, నేను పట్టలేదు."

"ఎవరంటే భయం?"

"మీరంటేనండీ."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆఫీసర్లు నవ్వకూడదు.

నేను మిషను మీద కూర్చున్నాను. వాళ్ళిద్దరూ వరండాలోకి వెళ్ళారు. మధ్యలో ఒక్క కర్టెనే అడ్డం. వినాలని వినలేదు. మిషను ఆపితే వినబడింది, అంతే.

"ఎల్లుండే ఇంటర్వ్యూ. ఏం చెప్తావు?" అంటోంది మా అమ్మాయి.

"చూద్దాం."

"నేనున్నానని చెప్పు."

"చెప్పను."

"ఏం, నేను లేనా?"

"నువ్వున్నావు. అందుకే చెప్పను."

నా ముందు 'మేడమ్', కర్టెన్ వెనక 'నువ్వు'. నా చేతిలో కత్తెర చేతిలోనే ఉండిపోయింది.

"అర్థమయ్యేలా మాట్లాడు సిగ్నల్."

"ఆ మాట మొదట మీ అమ్మగారికి చెప్పాలి. ముక్కూ మొహం తెలియని ఆఫీసరుకి, అదీ ఒక స్టాంపు కోసం చెప్పేసి, తర్వాత ఆవిడ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను?"

"అయితే ఇప్పుడే చెప్పు. లోపలే ఉంది."

"ఇప్పుడు చెప్తే వీసా కోసం చెప్పినట్టుంటుంది. వెళ్ళొచ్చాక చెప్తాను. వెళ్ళలేకపోయినా, ఆ హడావుడంతా అయ్యాక చెప్తాను."

"అమ్మ కాదంటే?"

అతను చిన్నగా నవ్వడం వినబడింది.

"ముందు 'జ్వరమొస్తే ఎలా, దారి తప్పితే ఎలా' అంటారు. తర్వాత కాదంటారేమో. కానీ ఆ మొదటి మాటలున్నాయే, నన్నెవరూ ఇంతవరకూ అడగలేదు."

నేను మళ్ళీ మిషను తొక్కాను. మూడుసార్లు దారం తెగింది.

కోటు భుజాలు తగ్గించాను. చేతులు కురచ చేశాను. జేబుదొంగలుంటారని గుండె దగ్గర లోపలి వైపు ఒక జేబు కుట్టి, దానికి మూతా గుండీ పెట్టాను. అయినా నా మనసు ఊరుకుంటేనా? పరాయి దేశంలో, భాష తెలియని చోట, ఈ పిల్లాడు కళ్ళు తిరిగి పడిపోతే? ఎవరో మంచివాళ్ళే లేవదీస్తారనుకుందాం. ఎవరికి కబురు చేస్తారు? ఎక్కడికి పంపుతారు?

సొరుగులోంచి కరెంటు బిల్లు తీశాను. దాని మీద మా అడ్రసు ఇంగ్లీషులో ఉంటుంది. తెల్లగుడ్డ ముక్క మీద నీలం దారంతో ఒక్కో అక్షరం బొమ్మ గీసినట్టు కుట్టాను. ఫోన్ నంబరు కూడా. కింద నాకొచ్చిన భాషలో ఒక్క లైను కుట్టి, ఆ ముక్కని జేబు మూతకి లోపలి వైపు అతికించాను. ఎవరికీ చెప్పలేదు.

ఇంటర్వ్యూ పొద్దున అతను మా ఇంటికొచ్చి కోటు వేసుకున్నాడు. పాస్‌పోర్టు నేనే ఆ జేబులో పెట్టి గుండీ పెట్టాను.

"ఆఫీసరు అడిగేదాకా ఇది ముట్టుకోకు."

"సరేనండీ."

"ఒట్టు?"

"ఒట్టు."

అతనూ, బామ్మగారూ, మా అమ్మాయీ ముగ్గురూ వెళ్ళారు. ముందు నడిచే గడియారంలో పన్నెండయింది. ఒంటిగంటయింది. ఫోన్ లేదు. ఎదురుగా రోడ్డు మీద ఆటో ఆగిన ప్రతిసారీ నా ప్రాణం ఆగింది.

చివరికి వచ్చారు. మా అమ్మాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రాలేదా?" అన్నాను.

"వచ్చింది! ఇద్దరికీ వచ్చింది! నా పక్క కిటికీలోనే ఈ వినోదం," అంటూ బామ్మగారు కుర్చీలో కూలబడి మొదలుపెట్టారు. "అన్నీ చక్కగా చెప్పాడు. చివరికి ఆ ప్రశ్న రానే వచ్చింది. ఇక్కడ నీకెవరున్నారు, అని. మనవాడు మళ్ళీ బెల్లంకొట్టిన రాయి. ఆఫీసరు విసుక్కుని, ముందు పాస్‌పోర్టివ్వు అన్నాడు. వీడు గుండీ తీసి మూత ఎత్తాడు. అంతే, అలాగే ఉండిపోయాడు. ఏంటది, ఏం దాచావు, అని ఆఫీసరు గద్దించాడు. వీడు కోటు విప్పి, తిరగేసి, కౌంటరు అద్దం దగ్గర పెట్టాడు."

నేను గుమ్మం పట్టుకున్నాను.

"ఆయన అడ్రసంతా చదివి, కింది లైను ఏంటని అడిగాడు. వీడు చదివాడు. 'ఈ అబ్బాయి దారి తప్పితే దయచేసి ఈ ఇంటికి చేర్చండి.'"

"తర్వాత?" అన్నారు మా ఆయన. ఆయన భూతద్దం ఎప్పుడు తీశారో.

"ఎవరు కుట్టారని అడిగాడు. 'నేను ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆస్పత్రులన్నిటికీ ఫోన్ చేసే ఒకావిడండీ. నేను తిరిగి రాకపోతే ఆవిడే మీ దేశానికొచ్చేస్తారు,' అన్నాడు. ఆఫీసరు నవ్వాడమ్మా! నవ్వి, ఆవిడ నీకేమవుతారు, అన్నాడు."

"ఏం చెప్పాడు?"

బామ్మగారు బోసినోటితో నవ్వారు. "'ఇంకా అడగలేదండీ. వెళ్ళొచ్చాక అడుగుతాను,' అన్నాడు."

ఆ అబ్బాయి అప్పటికే వరండాలోకి జారుకున్నాడు. నేను వంటింట్లోకి జారుకున్నాను. ఎవరి కళ్ళు వాళ్ళు తుడుచుకోవాలి కదా.

వాళ్ళిద్దరూ విమానమెక్కి వెళ్ళాక ఆ పది రోజులు ఎలా గడిచాయో చెప్పను. ఆకాశంలో విమానం చప్పుడైతే చాలు, చేతిలో సూది ఆగిపోయేది. మా అమ్మాయి మాత్రం, "వస్తాడమ్మా," అని నవ్వేది. నవ్వి, టైము చూసేది. ఒక గడియారం కాదు, అన్నీ.

పదకొండో రోజు పొద్దున్నే కుండపోత వర్షం. తలుపు చప్పుడైంది. గొలుసు సందులోంచి చూశాను. తల నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దైన మనిషి. చొక్కా పొట్ట దగ్గర ఎత్తుగా ఉబ్బి ఉంది.

"ఏంటది లోపల?" అన్నాను.

"కోటండీ. అక్షరాలు రంగు దిగుతాయేమోనని."

"నీ గొడుగేదీ?"

"బామ్మగారికిచ్చాను." మొహం మీద నీళ్ళు తుడుచుకున్నాడు. "దారి తప్పకుండానే వచ్చానండీ. అయినా చేర్చమని రాసింది కదా, అందుకని..." చొక్కా మీద నుంచే కోటు సర్దుకున్నాడు. "ఒక్క మాట అడగాలి."

"ముందు తల తుడుచుకో. జ్వరమొస్తే ఎలా?"

గొలుసు తీసి తువ్వాలిచ్చాను. తుడుచుకున్నాడు. నా వెనక మా అమ్మాయి ఎప్పుడొచ్చి నిలబడిందో, దాని ఊపిరి నా భుజానికి తగులుతోంది.

"మీరు నాకేమవుతారని ఆ ఆఫీసరు అడిగాడండీ," అన్నాడు మెల్లగా. "ఏం చెప్పమంటారు?"

ఎన్ని ప్రశ్నలు సిద్ధం చేసుకున్నానో! పెళ్ళయ్యాక ఎక్కడుంటారు, ఏం తింటారు, రేపు ఆ పత్రిక మూతపడితే ఏం చేస్తారు. అన్నీ అడగాలి. అడుగుతాను కూడా, వదిలిపెట్టను. కానీ ఆ పిల్లాడు తడి తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"అత్తయ్యనని చెప్పు," అన్నాను.

నా భుజం వెనక ఒక నవ్వు వినబడింది. ఆ మొదటి రోజు విన్న కొత్త నవ్వే. ఇప్పుడది నాకు బాగా తెలుసు.

బయట వర్షం ఇంకా కురుస్తూనే ఉంది. మూల నుంచి మా ఆయన అడిగారు, "తలుపు గొలుసు వేశావా?"

"ఇప్పుడు వేస్తున్నానండీ," అన్నాను. "అందరూ లోపలికి వచ్చేశారు."